పల్లెకు వచ్చే అతిథి – చిన్న రైతుకు ఆసరా

(పుణేలో మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ సంఘం సభకు ఆఖరిసారి వచ్చింది 2013 ఉగాదికి. ఆరోజు నాది పులిహోర వడ్డించే డ్యూటీ. ఇవాళ చేతికి మైకు ఇచ్చారు. నిజం చెప్పాలంటే గరిటె పట్టుకోవడమే నాకు సులువు. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "చిన్న సేద్యం, అగ్రి టూరిజం గురించి అరగంట మాట్లాడాలి" అన్నప్పుడు తప్పించుకుందామనే చూశాను. కానీ ఆయన ఇంకో మాట అన్నారు. ఈ సంవత్సరం మన సంఘంలో రిటైరవుతున్నవాళ్ళు పదకొండు మంది అనీ, అందులో ఏడుగురు ఊరికెళ్ళి సేద్యం చేస్తామంటున్నారనీ. ఆ ఏడుగురి కోసం వచ్చాను. మిగతావాళ్ళు నన్ను క్షమించాలి.

మాది హిందూపురం పక్కన, లేపాక్షికి దగ్గరలో ఒక చిన్న పల్లె. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. 2022 దాకా అనంతపురం జిల్లా. ఏడాదికి 550 మిల్లీమీటర్లు వాన పడితే మంచి సంవత్సరం అనుకునే సీమ. నాకు రెండెకరాలు, మా అన్నకు మూడెకరాలు, అన్నీ మెట్ట పొలాలే. నేను పట్టాళంలో ఇరవై నాలుగేళ్ళు రెంచి తిప్పినంత కాలం ఆ అయిదెకరాలూ మా అన్నే చేశాడు. వేరుశనగ వేసేవాడు. మా వైపు 'బుడ్డలు' అంటాం. ఎకరాకు విత్తనాలకే చేతిలో డబ్బంతా పోతుంది. వాన వస్తే పంట, రాకపోతే కసువు. రాని ఏడు అప్పు చేస్తాడు, వచ్చిన ఏడు తీరుస్తాడు. సెలవుకి వెళ్ళినప్పుడు నేను మాత్రం "అన్నా, ఇంకా పాత పద్ధతేనా?" అని సలహాలిచ్చేవాణ్ణి. ఆయన ఒకసారి నవ్వి, "నీకు ఒకటో తేదీ వస్తే చాలు. నాకు వానొస్తేనే కదప్పా" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు రిటైర్ కావాల్సి వచ్చింది.

ఈ విషయం మా ఇంటిదొక్కటే కాదని తర్వాత తెలుసుకున్నాను. 2018-19 వ్యవసాయ సంవత్సరానికి జాతీయ నమూనా సర్వే వాళ్ళు లెక్క తీశారు. దేశంలో ఒక రైతు కుటుంబానికి నెలకు సగటున వచ్చేది 10,218 రూపాయలు. అందులో పంట మీద వచ్చేది 3,798, కూలీ మీద వచ్చేది 4,063. అంటే రైతు అని పేరే గానీ, పొలం కన్నా కూలీయే ఎక్కువ పెడుతోంది. పశువుల మీద ఇంకో 1,582. ఈ లెక్కను నేను ఇంట్లో క్యాలెండర్ వెనక రాసి పెట్టుకున్నాను. సేద్యం చేస్తానన్నవాళ్ళు మీరూ రాసుకోండి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మనకు పెన్షన్‌లో సగం దాకా కమ్యూట్ చేసుకునే వీలుంది కదా, అది తిరిగి పూర్తిగా రావడానికి పదిహేనేళ్ళు. నేను సగమూ చేశాను. చేతిలో అంత డబ్బు ఒకేసారి చూడ్డం అదే మొదలు. 2014లో దానిమ్మ తోట వేద్దామని బోర్లు వేయించాను. మొదటిది 400 అడుగులు, నీళ్ళు అంతంత మాత్రం. రెండోది 620 అడుగులు, తడి మట్టి వచ్చింది. మూడోది 750 అడుగులు, దుమ్ము వచ్చింది. బోరు బండి దగ్గర మా ఇంటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ దుమ్ము ఆమె తల మీద పడుతోంది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మూడు లక్షల ఎనభై వేలు, పది రోజుల్లో. నీళ్ళు తక్కువున్నా ఆ మొదటి బోరే ఇవాళ్టికీ ఇంటికీ, పశువులకూ, అర ఎకరం కూరగాయలకూ సరిపెడుతోంది. మిగతా రెండింటికీ రాళ్ళు కప్పి ఉంచాను. రిటైరైన మిత్రులు ఎవరొచ్చినా ముందు వాటినే చూపిస్తాను.

ఆ తర్వాత 2016 కరువు. ఆగస్టులో ప్రభుత్వం రెయిన్ గన్లు తెచ్చి ఎండుతున్న వేరుశనగకు తడి ఇప్పించింది, గుర్తుండే ఉంటుంది. మా చేలో అప్పటికే చెట్టు వాడిపోయింది. 2017 జనవరిలో మా అన్న బెంగుళూరు పోయి ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేరాడు. నెలకు తొమ్మిది వేలు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, ఎద్దుల జత తోలితే చూడ్డానికి పది మంది నిలబడే మనిషి, కారు వస్తే లేచి గేటు తీస్తున్నాడు. నేను చూడ్డానికి వెళ్తే సెల్యూట్ కొట్టి చూపించాడు, నవ్వించడానికి. నాకు నవ్వు రాలేదు. ఇరవై నాలుగేళ్ళు నేను కొట్టిన సెల్యూట్ వేరు.

ఆ రాత్రి బస్సులో తిరిగొస్తుంటే నాకు బారామతి గుర్తొచ్చింది.

ఇక్కడ ఉన్నవాళ్ళలో చాలామందికి తెలుసు. ఈ పుణేలోనే 2005లో పాండురంగ్ తావరే గారు వ్యవసాయ పర్యాటకం కోసం ఒక సంస్థ పెట్టి, బారామతి దగ్గర పల్షీవాడిలో మొదలుపెట్టారు. పొలం రైతుదే, ఇల్లు రైతుదే. పట్నం వాళ్ళు వచ్చి ఒక రోజు ఉండి, తిని, బండెక్కి, డబ్బిచ్చి వెళ్తారు. 2012 జనవరిలో మా యూనిట్ ఫ్యామిలీలతో ఆ పక్కకు పిక్నిక్కు వెళ్ళాం. ఒక జొన్న చేలో 'హుర్డా' పెట్టారు. లేత జొన్న కంకులు పిడకల నిప్పు మీద కాల్చి, అరచేతుల్లో నలిపి, ఊది, బెల్లంతో, పచ్చడితో ఇచ్చారు. మన ఊచబియ్యమే! మా పక్క చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని ఉత్తినే తిన్నది ఇక్కడ తలకింత అని ఇచ్చి తిన్నాం. మా పిల్లలు ఇంకా కావాలని ఏడ్చారు. నేను అప్పుడు, "చూడవే, వీళ్ళు గడ్డి కూడా అమ్ముకుంటారు" అని మా ఆవిడతో వేళాకోళం ఆడాను. అయిదేళ్ళ తర్వాత బస్సులో ఆ వేళాకోళమే నన్ను నిద్రపోనివ్వలేదు. మాకు పుణే లేదు గానీ, 120 కిలోమీటర్లలో బెంగుళూరు ఉంది. శనివారం వస్తే కార్లు లేపాక్షికి బారులు తీరతాయి. వీరభద్రుడి గుడి, వేలాడే స్తంభం, ఏకశిల నంది చూస్తారు, హోటల్లో తింటారు, పోతారు. వాళ్ళ డబ్బు మా పల్లె పొలిమేర దాటి రాదు.

అన్నను అడిగాను. సరేనన్నాడు. కష్టం వచ్చింది మా వదిన దగ్గర.

"ఇంటికొచ్చినోళ్ళకి ముద్ద పెట్టి దుడ్లడగడమా? ఇది పూటకూళ్ళిల్లనుకున్నావా మరిదీ? మా అమ్మకు తెలిస్తే నా మొగం చూస్తుందా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అన్నం అమ్మకూడదని పుట్టినప్పటి నుంచీ విన్నవాళ్ళం. పర్యాటకం గురించి కాగితాల మీద ఎన్నో రాస్తారు, లోన్లు, రాయితీలు, రిజిస్ట్రేషన్లు. మన పల్లె ఆడవాళ్ళకు అడ్డొచ్చేది ఈ మాట. దీన్ని మూఢనమ్మకం అనుకుని కొట్టిపారేస్తే పని జరగదు. పైగా నాకు ఆమెదే మర్యాద అనిపిస్తుంది.

2018 సంక్రాంతి ముందు, బెంగుళూరులో స్థిరపడిన నా పాత యూనిట్ మిత్రుడు కుటుంబంతో వచ్చాడు. అనపకాయల కాలం. మా వైపు రాగి చేలో అయిదారు సాళ్ళకు ఒక సాలు అనప, ఒక సాలు కంది వేస్తాం. ముందురోజు రాత్రి గింజలు నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటీ పితికి, తోలు తీసి, పితికిపప్పు కూర చేస్తారు. ఆ పిల్లలు మా వదిన చుట్టూ కూర్చుని పప్పు పితకడం నేర్చుకున్నారు. గింజ ఎగిరి ఎవరి కంట్లో పడుతుందోనని ఒకటే నవ్వులు. రాగి ముద్ద, పితికిపప్పు, ఊరుబిండి, ముంత మజ్జిగ. వెళ్ళేటప్పుడు మిత్రుడు రెండు వేలు ఇవ్వబోతే మా వదిన చేతులు వెనక్కి పెట్టుకుంది. అతని భార్య తెలివైనది. "అక్కా, ఆ బుడ్డలు అయిదు కిలోలు కొలిచివ్వు, రాగులు ఇంత, చింతపండు ఇంత. ధర నువ్వే చెప్పు" అంది. వదిన వెంటనే చెప్పేసింది. బేరం కూడా ఆడనివ్వలేదు! అన్నానికి వెల చెప్పడానికి రాని నోరు పంటకు చెప్పడానికి వచ్చింది. పంట అమ్మడం రైతుకు అలవాటైన పని, గౌరవమైన పని. నెల తిరక్కుండా ఆ ఇంటి నుంచే ఫోను, ఇంకో పది కిలోల బుడ్డలు కావాలని. పక్క ఫ్లాటు వాళ్ళకు కూడా కావాలట.

నేను ఈ సభలో చెప్పదలచుకున్నది ఇదే. మనం గదులు అద్దెకివ్వడం మీద దృష్టి పెడతాం. రైతుకు నిజంగా కావలసింది గది అద్దె కాదు, పంటను నేరుగా కొనే మనిషి. ఆ మనిషి ఒకసారి వచ్చి, చేను చూసి, ముద్ద తిని వెళ్తే, ఆ తర్వాత ఏడాదంతా కొంటాడు. చేనే లేకపోతే అది లాడ్జి అవుతుంది. ఇటలీ దేశంలో 1985లోనే ఈ అతిథి సేద్యానికి చట్టం చేశారు. అందులో వ్యవసాయమే ప్రధానంగా ఉండాలి, అతిథుల పని దానికి అనుబంధంగానే ఉండాలి. మహారాష్ట్ర 2020లో అగ్రి టూరిజం విధానం తెచ్చింది. ఆ కాగితాలు చదివేముందు మన చేలో ఏముందో చూసుకోవాలి.

మా చేలో ఏముండాలన్నది పెద్ద చర్చే అయింది. ఒక్క వేరుశనగే ఉంటే వచ్చినవాళ్ళకు చూపించడానికీ లేదు, అమ్మడానికీ లేదు. 2016 నుంచి మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం నేర్పుతున్నారు. అందులో చేరాం. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గట్టు మీద మట్టి ఒక పిడికెడు. ఇది జీవామృతం. వానలకు ముందే పొడి నేలలో, మట్టీ బూడిదా పట్టించిన నవధాన్యాల విత్తనాలు చల్లుతాం. నాలుగు చినుకులు పడితే మొలిచి నేలను కప్పుతాయి, పశువులకు మేత కూడా. ఎరువు, పురుగుమందు ఖర్చు చాలావరకు పోయింది. దిగుబడి ఎక్కువైందని నేను చెప్పను. మొదటి రెండేళ్ళు తగ్గింది. పని మాత్రం పెరిగింది, అందులోనూ ఆడవాళ్ళ పని. ఇది ఎవరూ స్టేజీ మీద చెప్పరు.

2016లో ఉపాధి హామీ కింద, అప్పటి పంట సంజీవని పథకంలో, మా చేలో నీటి కుంట తవ్వారు. మొదట అన్న "నేల పోతుంది" అని గొణిగాడు. ఇప్పుడు వచ్చిన పిల్లలందరూ ముందు పరిగెత్తేది దాని దగ్గరికే. అందుకని చుట్టూ కంచె వేయించాను. మీరూ వేయించండి, నిర్లక్ష్యం చేయకండి.

ఖర్చు విషయం. నేను కాటేజీలు కట్టలేదు. మా పాత మిద్దె ఇంట్లో రెండు గదులకు సున్నం వేయించి, రెండు మంచి బాత్‌రూములు కట్టించాను. మొత్తం లక్షా అరవై వేలు, అందులో ముప్పావు వంతు బాత్‌రూములకే. పట్నం ఆడవాళ్ళు రావాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. తర్వాత తెల్లటి దుప్పట్లు. మన బ్యారక్ అలవాటు ఇక్కడ పనికొచ్చింది, కిట్ లేఅవుట్ చేసినట్టు మంచాలు సర్దుతాను. ఆహారానికి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. విదేశీయులు రాత్రి బస చేస్తే ఇరవై నాలుగు గంటల్లోపల వాళ్ళ వివరాలు అధికారులకు పంపించాలి. మనవాళ్ళకు ఈ విషయంలో జాగ్రత్త గురించి నేను చెప్పక్కర్లేదు.

వదిన సమస్య ఆమే తీర్చింది. డబ్బు వ్యవహారమంతా ముందుగా ఫోన్ మీద నాతో అయిపోవాలి. ఇంట్లో అడుగు పెట్టాక భోజనం దగ్గర డబ్బు మాట వినపడకూడదు. చేలో పండింది అమ్మడం మాత్రం ఆమె చేతి మీదే, ఆమె చెప్పిన ధరే. ఇంకో షరతు, అడక్కుండా వంటింట్లో ఫోటోలు తీయకూడదు. "మేమేమన్నా జూలో కోతులమా?" అంది. మూడోది మనవాళ్ళ వల్లే పుట్టింది. ఒకసారి మన సర్వీసు వాళ్ళే నలుగురు క్యాంటీన్ సీసాతో దిగారు. వదిన సీసా తీసి గడ్డివామి పక్కన పెట్టి, "పోయేటప్పుడు తీస్కపోండి నాయనా" అంది. నలుగురూ హాల్ట్ అన్నట్టు నిలబడిపోయారు. పెద్ద ర్యాంకులే!

ఎక్కువమంది వస్తే పక్కిళ్ళకు పంపుతాం. ఇది నేను లేహ్‌లో ఉన్నప్పుడు చూసింది. హెమిస్ వైపు పల్లెల్లో 2000 దశకం తొలినాళ్ళలో హోమ్‌స్టేలు మొదలయ్యాయి. మంచు చిరుత గొర్రెల్ని ఎత్తుకుపోతే దాన్ని చంపకుండా, దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ళ వల్ల నాలుగు రూపాయలు రావాలని. అక్కడ ఏ ఇంటికి అతిథి వెళ్ళాలన్నది వంతుల ప్రకారం. మంచి ఇల్లున్నవాడికే అందరూ పోతే ఊళ్ళో తగువులొస్తాయి. మా పల్లెలో ఇప్పుడు ఇంకో మూడు ఇళ్ళు వంతులో ఉన్నాయి. అయినా తగువులు పూర్తిగా పోయాయని చెప్పలేను. ఒక ఇంటివాళ్ళు మాతో ఆరు నెలలు మాట్లాడలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఒక్క అతిథి లేడు. నేను మళ్ళీ మునిగాననే అనుకున్నాను. మే నెలలో ఫోన్లు మొదలయ్యాయి. "గానుగ నూనె ఉందా, రాగిపిండి ఉందా, పంపగలరా?" పార్సిళ్ళు కదిలినప్పటి నుంచీ ఆ ఏడాది పంపుతూనే ఉన్నాం. మనిషి రాకపోయినా వాకిలి మూతపడలేదు. ఒట్టి గదులు మాత్రమే కట్టుకుని ఉంటే ఆ ఏడాది ఏమయ్యేవాణ్ణో. 2021 నవంబరు వానలకు పీకి కుప్ప వేసిన వేరుశనగ చేలోనే మొలకెత్తింది. రాగి పడిపోయింది. కంది, అనప కొంత దక్కాయి. ఒక్క పంటే ఉన్నవాళ్ళకు అదీ లేదు.

ఇప్పుడు లెక్క. పోయిన ఏడాది మా రెండిళ్ళది మాత్రమే చెప్తున్నాను. పగటిపూట వచ్చి వెళ్ళినవాళ్ళు 190 మంది, తలకు 500. రాత్రి ఉన్నవాళ్ళు 72 మంది, తలకు 1,000. మొత్తం 1,67,000. సరుకులు, పనిమనిషి, చాకలి, మరమ్మతులు 70,000. మిగిలింది 97,000. ఇంటి దగ్గర అమ్మిన పంటకు, మార్కెట్‌కు తోలి ఉంటే వచ్చేదాని కంటే అదనంగా వచ్చింది 80,000. రెండూ కలిపితే 1,77,000. వండేది వదిన, దున్నేది అన్న కాబట్టి వాళ్ళకు నూటికి అరవై వంతు. అంటే 1,06,000 చిల్లర. బెంగుళూరులో గేటు దగ్గర కూర్చుని సంవత్సరానికి సంపాదించింది 1,08,000. మీరు నవ్వుతున్నారు. నేనూ ఆ లెక్క చూసి నవ్వాను. అన్న మాత్రం నవ్వలేదు. "అక్కడ గది బాడుగ ఇచ్చి, కూడు కొనుక్కుని తిన్యా. ఇది మన ఇంట్లో కూచొని" అన్నాడు. పంట మీద మామూలుగా వచ్చేది దీనికి వేరు. అయినా ఇది కోటీశ్వరులయ్యే పని కాదు. ఒక సిపాయి పెన్షను కన్నా తక్కువే. అన్న 2019 జూన్‌లో వచ్చేశాడు. ఇద్దరు కొడుకుల్లో ఒకడు ఇప్పటికీ బెంగుళూరులోనే ఉన్నాడు, రానంటున్నాడు. వాణ్ణి నేను బలవంతం చేయలేదు.

ఆ ఏడుగురికి ఒకటి రెండు మాటలు చెప్పి దిగిపోతాను. కమ్యుటేషన్ డబ్బుతో బోరు వేయకండి. రిటైర్మెంటుకు ముందు డి.జి.ఆర్. కోర్సు ఎంచుకునేటప్పుడు పుణేలో జరుగుతుందని, ఇంటికి దగ్గరని ఎంచుకోకండి. నేను అలాగే కంప్యూటర్ కోర్సు చేశాను, ఇప్పుడు దానితో వదిన నూనె లెక్కలు రాస్తున్నాను. వెళ్ళగానే అతిథుల్ని పిలవకండి. రెండు పంటకాలాలు సేద్యం చేయండి, చేను మిమ్మల్ని చూడాలి, మీరు చేనును చూడాలి. మొదట మీ యూనిట్ మిత్రుల్ని పిలవండి, తప్పులు చేస్తే తిట్టి మరీ మళ్ళీ వస్తారు. అన్నిటికన్నా ముందు, ఇవాళ రాత్రే ఇంటికెళ్ళి మీ ఇంటావిడను అడగండి, "వచ్చినవాళ్ళకు వండి పెట్టడం నీకిష్టమేనా?" అని. నేను బోరు దగ్గర అడగలేదు, వంట దగ్గర కూడా ముందుగా అడగలేదు. ఆమె వద్దంటే ఈ పని అక్కడితో వదిలేయండి, కందులూ రాగులూ చాలు.

మా ఊరు రావాలనుకునేవాళ్ళు శుక్రవారం పొద్దుటికల్లా చెప్పండి. అనపగింజలు నానబెట్టాలి కదా. అనపకాయలు మార్గశిరం నుంచి సంక్రాంతి దాటి కొన్నాళ్ళ దాకా ఉంటాయి. తర్వాత వస్తే చింతచిగురు పప్పు. క్యాంటీన్ సీసా మాత్రం తేవద్దు.